ఆర్కే బీచ్‌లో రాతి కుర్రాడు

సూపర్‌మ్యాన్ మీద కథలు రాసేవాళ్ళు వీధికొకడు ఉంటాడు. బ్యాట్‌మ్యాన్‌ని తీసుకొచ్చి మా విశాఖ ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద నిలబెట్టినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. నాకూ మా మేనల్లుడు చిన్నాకూ ఆ రద్దీ పడదు. కామిక్స్ చదివేవాళ్ళు కూడా పేరు మర్చిపోయిన వీరులైతేనే మాకు రాయబుద్ధేస్తుంది.

అలాంటివాళ్ళు మాకు గుంపుగా దొరికారు. ముప్పయ్యో శతాబ్దంలో లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ అని కుర్రకారు సంఘం ఒకటుంటుంది. అందులో చేరడానికి ఇంటర్వ్యూకెళ్ళి తిరుగుటపాలో వచ్చేసినవాళ్ళంతా కలిసి పెట్టుకున్న మరో దుకాణం పేరు సబ్‌స్టిట్యూట్ హీరోస్. 1963లో అడ్వెంచర్ కామిక్స్ 306వ సంచికలో మొదలైంది. పోలార్ బాయ్‌ని "నీ చలి మాకే తగుల్తోంది నాయనా" అని వద్దనేసి, ఓదార్పుగా గాల్లో ఎగిరే బెల్టొకటి చేతిలో పెట్టి పంపించేశారు, మన సభల్లో శాలువా కప్పి పంపించినట్టు. మే నెల విశాఖ ఉక్కపోతలో ఆ కుర్రాణ్ణి ఎవరైనా వద్దంటారా?

నైట్ గర్ల్‌కి చీకట్లోనే బలం, ఎండ తగిలితే మామూలు ఆడపిల్ల. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరంతా కరెంటు పోయిన రోజులు ఆవిడకి రాసిపెట్టినట్టున్నాయని ఆమెనీ దించాం. క్లోరోఫిల్ కిడ్ మొక్కల్ని గబగబా పెంచగలడు. తుపాను పీకేసిన చెట్లన్నీ కైలాసగిరి మీద వాడిచేత ఒక్క రాత్రిలో మొలిపించాం. చదివిన ఒక పెద్దాయన, కరెంటు తీగల కింద మొలిపిస్తే మళ్ళీ కొట్టేస్తారు కదా, ఆ ఖర్చెవరిది అని అడిగాడు. అలాంటి పాఠకులే మాకున్నది.

చిన్నాకి ప్రాణం మాత్రం స్టోన్ బాయ్. జ్వెన్ అనే గ్రహం వాడిది. అక్కడ రాత్రి ఆరు నెలలు ఉంటుందట. అన్నాళ్ళూ నిద్రపోవడానికి జనం రాళ్ళైపోతారు. రాయయ్యాక కదలడం ఉండదు. ఆ శక్తితో దొంగని ఎలా పట్టుకోవాలో వాణ్ణి పుట్టించినవాళ్ళకే తెలియాలి. మేం మాత్రం దారి కనిపెట్టాం. మన బీచ్ రోడ్డు పొడుగునా విగ్రహాలే. వాటి మధ్య ఇంకొకటి నిలబడితే ఎవరు లెక్కపెడతారు? స్టోన్ బాయ్ అక్కడ నిలబడి రాత్రంతా దొంగల మాటలు వింటాడన్నమాట. కథ బాగా వచ్చింది. అట్ట మీదకి ఫోటో కావాలన్నాడు చిన్నా.

మోడల్ వాడే. రాతి రంగుకి పెయింటు పూస్తే ఒంటిని పట్టుకుని వదలదని, పూర్ణా మార్కెట్లో విభూతి కొన్నాం. మన ఊళ్ళో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు గనుక, తెల్లవారకముందే బీచ్‌కి చేరి, కాళికాలయానికి కాస్త దూరంలో ఖాళీగా ఉన్న సిమెంటు దిమ్మె ఎక్కించాను. నడుముకి పాత పంచె, భుజాల మీద సూపర్‌హీరో కేప్ బదులు మా బావగారి కండువా, తల నుంచి పాదాల దాకా విభూతి. "మావయ్యా, నువ్వు ఫోటో అయిపోయిందనేదాకా నేను రాయినే" అన్నాడు. అన్నమాట మీద నిలబడే వంశం కాదు మాది. వాడొక్కడు ఆ రోజే ఎందుకు నిలబడ్డాడో నాకిప్పటికీ అర్థం కాదు.

సూర్యుడు నెత్తి చూపించాడు. నేను ఫోన్ ఎత్తాను. స్టోరేజ్ ఫుల్ అంది. బంధువుల గుడ్‌మార్నింగులు! గులాబీలు, దీపాలు, కాఫీ కప్పులు, ఏ వారానికి ఆ వారం దేవుడు. తీసేద్దామని ఇసుకలో కూర్చుంటే తవ్వేకొద్దీ వస్తున్నాయి. పెద్ద బావగారి సెక్షన్ నేనింకా దాటకముందే ఇక్కడ కథ నడిచిపోయింది.

మొదట లాఫింగ్ క్లబ్ వాళ్ళు వచ్చారు. రోజూ ఆ దిమ్మె ముందే వాళ్ళు నవ్వుతారట. గుండ్రంగా నిలబడి చేతులెత్తి హోహో హాహా అన్నారు. ఎదురుగా బూడిద పూసుకున్న మనిషి రెప్ప కూడా కదపలేదు. రెండో రౌండ్ ఇంకాస్త గట్టిగా నవ్వి చూశారు. అప్పుడూ అంతే. వాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. "నిగ్రహం అంటే అదండీ" అన్నాడొకాయన చెప్పులు విప్పుతూ.

తర్వాత ఒక వీధికుక్క వచ్చి చిన్నా కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంది. దానికి కారణం వాడి పంచె మడతలో ఉన్న బిస్కట్ ప్యాకెట్టు. చూసేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. విభూతి, మౌనం, పక్కన శునకం! కాలభైరవ ఉపాసకులని తేలిపోయింది. కాకరకాయ రసం అమ్మే అబ్బాయి గ్లాసు తెచ్చి దిమ్మె మీద పెట్టాడు. గుడికి వెళ్ళే కొబ్బరికాయలు రెండు ఇటు తిరిగాయి. ఎవరో కర్పూరం వెలిగించారు.

ఫిషింగ్ హార్బర్ వైపు గంపతో పోతున్న ఒకావిడ గంప దించి దండం పెట్టింది. "సామీ, మా గుంటడికి స్టీల్‌ప్లాంటులో పనెప్పుడొస్తాదో సెప్పండి" అంది. రాయి పలకలేదు. "సెప్పరు. మనకే తెలవాల" అని తనకు తనే సర్దిచెప్పుకుని పదిరూపాయల కాగితం పెట్టింది. వెనక ట్రాక్ ప్యాంటు ఆయన ముందుకొచ్చాడు. "స్వామీ, భోగాపురంలో స్థలం చూశాను. ఎయిర్‌పోర్టుకి దగ్గరంటున్నారు. తీసుకోమంటారా?" సరిగ్గా అప్పుడే ఈగొకటి చిన్నా ముక్కు మీద వాలింది. ఎడమ కనుబొమ్మ రవ్వంత లేచింది. ట్రాక్ ప్యాంటు ఆయన అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేయమని ఇంటికి ఫోన్ చేశాడు.

నేను లేచి జనంలో దూరాను. ఇక నిజం చెప్పేయాల్సిందే అనుకున్నాను.

"అయ్యా, ఆయన స్వామి కాదండీ. రాతి మనిషి."

"శిలారూపం" అన్నారు వెనకవాళ్ళకి అందిస్తూ.

"అది కాదండీ, ఆయనది జ్వెన్..."

"హిమాలయాలకి అవతలా?"

"కాదండీ బాబూ, ముప్పయ్యో శతాబ్దం!"

"అంటే భవిష్యత్తు తెలిసినవారే కదా. భోగాపురం సంగతి తేలిపోయింది."

"అయ్యో, సంఘంలో చేర్చుకోమని వెళ్తే పనికిరావు పొమ్మన్నారండీ ఈయన్ని!"

"ఎప్పుడూ అంతే బాబూ. గొప్పవాళ్ళని పీఠాలవాళ్ళు రానివ్వరు" అని ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు స్వామివారికి ఏమవుతారు?"

"మేనమామని."

ఆయన వంగి నా కాళ్ళకి దండం పెట్టాడు. ఆ తర్వాత నేను నిజం చెప్పే ప్రయత్నం మానేశాను.

ఈలోగా ఎవరో ఫోటో తీసి వాకర్స్ గ్రూపులో పెట్టారు. వాళ్ళ ఫోన్లలో చోటుంది మరి. అక్కణ్ణుంచి అది ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంటు గ్రూపుకి వెళ్ళిందో గానీ, ఆటో ఆగింది. దిగింది మా అక్క. చేతిలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, వెనక పక్కింటి పిన్నిగారు. కొడుకు ఫ్రెండింట్లో పడుకుని చదువుకుంటున్నాడని మా అక్క నమ్మకం. నేను పెద్దాయన వెనక్కి తప్పుకున్నాను.

అక్క కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. "స్వామీ, మావాడు ఇంజినీరింగు. ఒక్క సబ్జెక్టు ఉండిపోయింది. వాడి మనసు ఆ పిచ్చి బొమ్మల పుస్తకాల మీంచి మళ్ళించండి. వాణ్ణి పాడుచేస్తున్న మా తమ్ముడికి కూడా కాస్త బుద్ధి ప్రసాదించండి. రోజూ పెరుగన్నం కలిపి పెడుతున్నాను స్వామీ, పరీక్షలకి బలం ఉంటుందని."

లాఫింగ్ క్లబ్బుకీ ఈగకీ కర్పూరం సెగకీ చలించని రాయి, పెరుగన్నం దగ్గర కరిగింది. కళ్ళలో నీళ్ళు నిండి, విభూతి మీద చారలు కట్టి జారాయి.

"కరుణ! స్వామివారి కరుణ!" అని గుంపంతా కదిలింది.

నా ముందున్న పెద్దాయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టాడు. మనిషి అకౌంట్స్‌లో రిటైరైనట్టున్నాడు. "అమ్మా, అటు రెండు చుక్కలు, ఇటు రెండు చుక్కలు రాలాయి. మీవాడికి ఒకటి కాదు, నాలుగున్నాయేమో. ఇంటికెళ్ళి ఓసారి అడిగి చూడు."

అక్క కళ్ళు తెరిచింది. "నాలుగా?"

"నాలుగు కాదమ్మా, మూడే!" అంది రాయి. "డ్రాయింగ్ పోయిన నెలే పాసైపోయాను!"

అక్క కొబ్బరికాయ పైకెత్తింది. చిన్నా కండువా వదిలేసి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు పరుగందుకున్నాడు. బిస్కట్ ప్యాకెట్టు కూడా అటే పోతోంది కనుక కుక్క వాడి వెనకే పరిగెత్తింది. కుక్క వెనక అక్క. స్వామి మౌనం వీడారని తెలిసి వెనక వరసలవాళ్ళంతా పొర్లి ముందుకొచ్చారు. ట్రాక్ ప్యాంటు ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మూడన్నారు కదండీ. ఎకరాలా, సెంట్లా?"