దేవతలకు జీతమెందుకు?

నేను చదివిన నర్సింగ్ కాలేజీ నుంచి ఒక కాగితం వచ్చింది. కోవిడ్ కాలంలో నా వృత్తి, చదువు, సేవ గురించి ఒక పేజీ 'రిఫ్లెక్షన్' రాసివ్వాలట. ఏం జరిగింది, అప్పుడు ఏమనిపించింది, మళ్లీ అలాంటిది వస్తే ఏం చేస్తారు అని మూడు గడులు, గడికి నాలుగు గీతలు. నాలుగు గీతల్లో రెండు వేవ్‌లు పట్టవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ఏం జరిగిందంటే, నాకు నర్సు నుంచి దేవతగా ప్రమోషన్ వచ్చింది. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది, నర్సింగ్‌కు ఆద్యురాలు ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిందని. సరిగ్గా ఆ ఏడాదే కరోనా వచ్చింది, మా జాతకం అలాంటిది. మార్చి 22 సాయంత్రం చప్పట్లు, పళ్లాలు, గంటలు. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు దీపాలు. మే 3న ఆస్పత్రుల మీద హెలికాప్టర్ల నుంచి పూలు. గంట, దీపం, పువ్వు, అన్నీ అయ్యాయి, నైవేద్యం ఒక్కటే మరిచిపోయారు. నా మీద మాత్రం ఒక్క రేకూ పడలేదు. పడ్డా తెలిసేది కాదు లెండి, పీపీఈ కిట్‌లో ఉన్నాను.

దేవత అన్నాక ఊళ్లో ఉండకూడదు. మన పోచమ్మ, మైసమ్మ ఎక్కడుంటారు? ఊరి పొలిమేరలో. అమ్మవారు పోసినప్పుడు వేపమండలు పట్టుకుని అక్కడికి పోతాం, మొక్కుతాం, తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటాం. మా ఇంటి ఓనరమ్మకు ఈ సంప్రదాయం బాగా తెలుసు. లాక్‌డౌన్ పెట్టిన వారానికి మెట్ల కిందే నిలబడి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "బిడ్డా, నువ్వు మాకు దేవుని లెక్కనే. కానీ ఇంట్ల పెద్దమనిషి ఉన్నడు, షుగర్ ఉంది. నెలాఖరుకల్ల జర వేరే తాన చూస్కో" అంది. వారం కింద చప్పట్లు కొట్టింది కూడా ఆ మెట్ల మీదే. నేను ఆమెను తప్పుపట్టను. దేవతకు పైపోర్షన్ అద్దెకివ్వడం శాస్త్రసమ్మతం కాదు.

ఇక దేవతకు ఆకలి, దాహం, మూత్రం ఉండవన్న విషయం కిట్ తయారు చేసినవాళ్లు ముందే గ్రహించారు. ఒకసారి తొడిగితే ఆరు గంటలు అంతే. డ్యూటీకి రెండు గంటల ముందు నుంచి నీళ్లు తాగడం మానేసేవాళ్లం, నెలసరి రోజుల సంగతి చెప్పను. గాగుల్స్ లోపల ఆవిరి పట్టేది. తుడుచుకోవడానికి వీల్లేదు, తల వంచి ఒక చుక్క జారితే ఆ జారిన గీతలోంచి ఆక్సిజన్ ఎంత పోతోందో చూపే ఫ్లోమీటర్ చదివేదాన్ని. రెండు జతల గ్లౌజులు వేసుకుని నరం వెతకడం ఎలా ఉంటుందంటే, దుప్పటి మీది నుంచి తడుముతూ దారప్పోగు పట్టుకున్నట్టు. దొరికిందనుకుని గుచ్చితే దొరకదు, రోగి మన కళ్లలోకి చూస్తాడు. కనిపించేవి అవే కదా.

ఐసీయూలో ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలంటారు. సెకండ్ వేవ్‌లో ఒక రాత్రి పదకొండు మందికి నేనొక్కదాన్నే. ఇది కూడా శాస్త్రోక్తమే. మన భద్రకాళికి ఎనిమిది చేతులున్నాయి, నాకూ అన్నే అనుకున్నా పదకొండు మందికి ఇంకో మూడు తక్కువైతే అది యాజమాన్యం తప్పెలా అవుతుంది? ఆ రాత్రే నర్సంపేట వైపు నుంచి వచ్చిన పత్తి రైతు ఒకాయన, ఆక్సిజన్ 84కి పడిపోతే బోర్లా పడుకోమన్నాను. "ఏంది సిస్టరమ్మా, చిన్నపోరని లెక్క బోర్ల పండవెడ్తున్నవ్" అని కసిరాడు. బతిమాలి, మెడ కింద ఒకటి, ఛాతీ కింద ఒకటి దిండ్లు పెట్టి తిప్పాను. తెల్లారేసరికి 92. కేస్ షీట్‌లో ఒక్క ముక్క రాశాను: 'ప్రోన్ పొజిషన్ ఇవ్వబడింది'. బతిమాలడానికి అందులో గడి లేదు.

చదువు మాటంటారా, ఆ రోజుల్లో నర్సింగ్ పిల్లలు ఫోన్‌లో నేర్చుకున్నారు. మా చిన్నమ్మ కూతురు ఇంజెక్షన్ ప్రాక్టీసంతా బత్తాయి మీదే చేసింది, బత్తాయి ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. 2021 మేలో కేంద్రం చివరి ఏడాది పిల్లల్ని కూడా కోవిడ్ డ్యూటీకి వాడుకోవచ్చంది, వంద రోజులు చేస్తే సర్కారు నియామకాల్లో ప్రాధాన్యం అంది. మా చిన్నమ్మ కూతురు బత్తాయి నుంచి నేరుగా ఐసీయూ గుమ్మంలోకి వచ్చింది. మొదటి రోజు శవాన్ని ప్యాక్ చేయడానికి పిలిచారు. సిలబస్‌లో ఉంది కదా అన్నారు. ఉంది, రెండు మార్కుల ప్రశ్న.

జీతం దగ్గరికొద్దాం. 2016లో సుప్రీంకోర్టు చెబితే వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000కు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఆ కాగితం ప్రింట్ తీసి అప్పట్లో నేను పనిచేసిన చోట మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, నవ్వి, "సిఫార్సే కదా సిస్టర్, మీరు చేసేది సేవ" అన్నాడు. నిజమే, దేవత ఓవర్‌టైమ్ అడగడం నేనూ ఎక్కడా వినలేదు.

అయినా మనది మేడారం ఉన్న గడ్డ. అమ్మల దగ్గర నిలువెత్తు బంగారం తూగితే అది బెల్లం అని అందరికీ తెలుసు, అయినా తూకం మాత్రం తూకమే, కిలో తగ్గనివ్వరు. నాకూ ఏటా మే 12న, నర్సుల దినోత్సవం నాడు, జాతర చేస్తారు. వేదికెక్కిస్తారు, ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడతాడు, శాలువా కప్పుతారు. ఐదు శాలువాలయ్యాయి, వరంగల్ ఎండలకు. నా బరువు 52 కిలోలు. శాలువాలకు బదులు బెల్లమిచ్చినా ఇన్నేళ్లూ చాయ్‌కి కొనేపని ఉండేది కాదు.

మూడో గడి, మళ్లీ వస్తే ఏం చేస్తారు అన్నది, ఖాళీగానే ఉంది. అది నింపుదామని ఆదివారం కూర్చుంటే ఓనరమ్మ ఫోన్. "బిడ్డా, తల తిరుగుతున్నది, జర బీపీ చూసిపోరాదు." మిషన్ పట్టుకుని వెళ్లాను. చెప్పులు విడిచి అలవాటుకొద్దీ మెట్ల కిందే ఆగిపోయాను. "గక్కడనే నిలబడ్డవేంది, లోపలికి రా" అంది. బీపీ 160/100. గోళీ ఆపేసిందట. మాటల్లో తెలిసింది, పైపోర్షన్ ఖాళీగానే ఉందట. అద్దె మాత్రం రెండు వేలు పెంచింది.