మూడో పిన్ను దండగ

కొత్త ఇంటి ఓనరుకు గృహప్రవేశం రోజున పురోహితుడు చెప్పని విషయం ఒకటుంది. ఆ ముహూర్తం నుంచి అతను ఎలక్ట్రీషియన్, ప్లంబర్, అవసరమైతే తాపీమేస్త్రి కూడా. రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటే ఈ విద్యలన్నీ అబ్బుతాయి. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బల్బు పోయినా ఓనరుకు ఫోన్ చేసినవాడు, సొంత గడప తొక్కగానే డ్రిల్ మెషిన్ ఆర్డర్ పెడతాడు. ఇలాంటి స్వయంసమృద్ధికి అడ్డుపడుతున్నవి ఇంట్లోని భద్రతా పరికరాలే. వాటి ఆగడాలను ఎవరో ఒకరు ఖండించాలి.

ముందుగా ఎర్త్ పిన్ను. ప్లగ్గులో మిగతా రెండింటి కంటే లావుగా, పొడుగ్గా ఉండి పెత్తనం చేసేది ఇదే. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు తగలాలట, తీసేటప్పుడు చివర్న వదలాలట. లోపల వైరు తెగి ఇస్త్రీపెట్టె ఇనుముకు తగిలినా ఆ కరెంటు మన ఒంట్లోంచి పోకుండా భూమిలోకి పోవాలట. ఇంతవరకూ ఒక్కసారీ పనికిరాని వస్తువును ఇంట్లో ఉంచుకోవడం మన వంశంలో లేదు, అత్తగారి ఇత్తడి బిందెలు తప్ప. అందుకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పట్టకపోతే ఆ పిన్ను విరిచేస్తాం. ప్లగ్గే లేకపోతే మరీ మంచిది. వైరు తొడుగు పళ్ళతో పీకి, రెండు కొసలూ సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగిస్తాం. మంట పుట్టించడానికి తయారైన పుల్లనే సాకెట్లో పెట్టడంలోని దూరదృష్టిని గమనించాలి.

ఆ పిన్ను కరెంటును భూమిలోకి దించే ఎర్తింగ్ కోసం పెరట్లో గుంత తీసి, రాడ్డు దించి, ఉప్పూ బొగ్గూ వేయాలంటారు కొందరు. ఎండాకాలం అందులో నీళ్ళు కూడా పోయాలట. మనుషులకే ట్యాంకర్ రావడం లేదు. అయినా మీటరు బోర్డు వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే పెట్టించాం కదా, ఎర్తింగ్ సంగతి అగ్నిదేవుడు చూసుకోడా?

ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే మీటరు బోర్డులోని స్విచ్చు, ఉత్త పిరికిది. గీజరూ, ఏసీ, మోటరూ ఒకేసారి వేస్తే చాలు, పడిపోతుంది. దీనికి మందు తెలిసిందే: 16 ఆంపియర్లది పీకేసి 32ది పెట్టడం. గోడలో వైరు మాత్రం పాత 1.5 చదరపు మిల్లీమీటర్లదే. ఎంసీబీ పుట్టిందే ఆ వైరును కాపాడటానికి అని గుర్తు చేసే వాళ్ళుంటారు. పట్టించుకోకండి. ఇప్పుడు కాలేది గోడ లోపల, పైన పుట్టీ, ఆ పైన ఖరీదైన పెయింటు. ఎవరికి కనపడుతుంది?

కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చుది మరీ చోద్యం. వెళ్ళిన కరెంటు ఎంత, తిరిగొచ్చింది ఎంత అని లెక్క చూస్తూ కూర్చుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే ఇల్లంతా చీకటి. అంటే ఆంపియరులో నూటికి మూడు వంతులు. కిరాణా కొట్టువాడు కూడా అంత చిల్లర అడగడు. ఆ తేడా మనిషి ఒంట్లోంచి పోతూ ఉండొచ్చని దాని అనుమానం. వానాకాలం గోడలు చెమ్మగిల్లినప్పుడు ఈ అనుమానం ఇంకా ముదురుతుంది. అందుకని తెలివైనవాళ్ళు సరిగ్గా వానాకాలంలోనే దాన్ని తప్పించి డైరెక్ట్ చేయించుకుంటారు.

ఇక ఫ్యాను రిపేరు. నిచ్చెన ఉన్నది పక్కింటివాళ్ళు అడిగితే ఇవ్వడానికి. మనం ఎక్కేది ప్లాస్టిక్ కుర్చీ, ఎత్తు చాలకపోతే దాని మీద స్టూలు. మెయిన్ ఆపేశామన్న ధీమాతో వైరు పట్టుకుంటాం. అదే క్షణంలో ఊళ్ళో కరెంటు పోయిందనుకున్న ఇన్వర్టర్, పాపం, నమ్మకంగా ఫ్యాన్ల లైనుకు 230 వోల్టులు పంపుతూ ఉంటుంది. ఇంట్లో చెప్పిన పని చెప్పినట్టు చేసేది అదొక్కటే.

"ఏమండీ, ఇన్వర్టర్ కూడా ఆపారా?"

"నాకు తెలీదా? నువ్వు కుర్చీ పట్టుకో."

టెస్టర్ పెట్టి చూశాం కూడా. వెలగలేదు. కిటికీలోంచి ఎండ పడుతుంటే అందులోని బుల్లి దీపం వెలిగినా కనపడదనీ, ముందు కరెంటున్న సాకెట్లో పెట్టి టెస్టర్ పనిచేస్తోందో లేదో చూసుకోవాలనీ చెప్పేవాళ్ళు బొత్తిగా సాహసం లేని మనుషులు.

చివరికి ఎలక్ట్రీషియన్ రాక తప్పదు. వస్తాడు, బోర్డు విప్పుతాడు, లోపలికి కాసేపు చూస్తాడు. "ఎవరు చేశారు సార్ ఈ పని?" అంటాడు. "ఎవడో, ఇంతకుముందు వచ్చినవాడు. ఏమీ తెలీదు వాడికి" అని నిబ్బరంగా చెప్పాలి. కుర్చీ పట్టుకున్న ఆవిడ వంటింట్లోంచి గట్టిగా దగ్గినా అటు చూడకూడదు.