పిలిస్తే పలకని ఫోన్ పక్కన కూర్చున్న మా పెద్దమ్మ తరఫున

ఈ మధ్యాహ్నం విజయనగరంలో ఒక ఫోన్ సర్వీస్ సెంటర్ నుంచి బయటికి వచ్చినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. మా పెద్దమ్మ ఫోన్‌లో వాయిస్ అసిస్టెంట్, అంటే నోటితో పిలిస్తే పలికి అడిగినదానికి జవాబు చెప్పే యాప్, పలకడం మానేసింది. కౌంటర్ దగ్గర ఉన్న యువకుడు ఫోన్ అందుకుని, పక్కనున్న బటన్‌ను నొక్కి పట్టుకున్నాడు. తెర మీద అసిస్టెంట్ కనిపించగానే "బాగానే పనిచేస్తోంది కదండీ" అంటూ ఫోన్‌ను తిరిగి మా ముందు పెట్టాడు. బటన్ నొక్కితే వస్తోంది గానీ నోటితో పిలిస్తే పలకడం లేదని, ఆవిడకు చూపు సరిగా లేదు కాబట్టి పిలుపే ఆధారమని నేను వివరించబోతే మధ్యలోనే అడ్డుకున్నాడు. "పెద్దావిడకు ఇవన్నీ ఎందుకండీ, ఒక బటన్ ఫోన్ కొనిచ్చేయండి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా పక్కనే నిలబడి ఉంది.

మా పెద్దమ్మది గజపతినగరం వైపు పల్లె. నీటికాసుల వల్ల ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుతురు, మనుషుల ఆకారాలు మాత్రమే తెలుస్తాయి. పెద్దన్నయ్య చెన్నైలో, చిన్నన్నయ్య హైదరాబాదులో పనులు చేసుకుంటున్నారు. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుంది. వేళ ఎంతయిందో చెప్పేది ఆ ఫోనే, షుగరు మాత్ర వేసుకోమని గుర్తు చేసేది ఆ ఫోనే, కొడుకులకు కలిపేది ఆ ఫోనే. ఈ ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఏ రోజున వస్తుందో కూడా దాన్నే అడుగుతుంది. ఆకాశం మబ్బుపట్టి గాలి మారితే తుపాను ఎటు వెళుతోందని అడుగుతుంది. 2014లో హుద్‌హుద్‌నూ 2018లో తిత్లీనీ చూసిన మన జిల్లాలలో ఆ ప్రశ్న కాలక్షేపానికి అడిగేది కాదని వేరే చెప్పనక్కరలేదు. అది పలకడం మానేసిన రోజున పొరుగింటి అబ్బాయి చేత నాకు ఫోన్ చేయించి, "ఏటమ్మా, ఇది పలకడం నేదు, నానేటి సేసీనాను?" అని అడిగింది. తప్పు తనదేనేమో అన్న భయం ఆ గొంతులో ఉంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించినది ఆ భయమే.

ఆవిడ ఏమీ చేయలేదు. ఏం జరిగిందో ఇంటికి వచ్చాక నేనే వెతికి తెలుసుకున్నాను. అంతకు ముందు వచ్చిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఫోన్ తనంతట తానే బ్యాటరీ పొదుపు పేరుతో అసిస్టెంట్ యాప్‌ను 'రిస్ట్రిక్టెడ్' జాబితాలోకి, అంటే తెర వెనుక పనిచేయనివ్వని యాప్‌లలోకి, నెట్టేసింది. పిలుపును గుర్తుపట్టే వాయిస్ మ్యాచ్ కూడా ఆగిపోయి ఉంది. ఈ పిలుపు వ్యవస్థ ఎలా నడుస్తుందో తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చాలా తక్కువ కరెంటుతో నడిచే ఒక చిన్న భాగం ఫోన్‌లో ఎప్పుడూ మేలుకుని, ఆ ఒక్క పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంటుంది. పిలుపు వినగానే అది అసలు అసిస్టెంట్‌ను లేపుతుంది, ఆ తర్వాత మనం చెప్పే మాటలు చాలావరకు ఇంటర్నెట్ మీదుగా సర్వర్లకు వెళ్ళి అర్థం తెచ్చుకుంటాయి. వెనుక ఉండి పనిచేసే హక్కును బ్యాటరీ పొదుపు తీసేస్తే, చెవి ఒగ్గి ఉన్న ఆ భాగానికి లేపడానికి ఎవరూ ఉండరు. బటన్ నొక్కితే మాత్రం యాప్ ముందుకు వస్తుంది కాబట్టి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. చూపున్నవాడు ఒక్క బటన్ నొక్కి చూసి బాగానే ఉందని తేల్చేయడానికి కారణం ఇదే. మా పెద్దమ్మకు పనికివచ్చే సగమే చచ్చిపోయి, ఆవిడకు పనికిరాని సగం బతికి ఉంది.

దాన్ని సరిచేయడానికి నేను ఎక్కడెక్కడికి వెళ్ళవలసి వచ్చిందో చెబితే నా కోపం ఎక్కడిదో మీకు తెలుస్తుంది. సెట్టింగులలో యాప్స్ జాబితా తెరిచి, అందులో ఆ యాప్‌ను వెతికి, దాని లోపల బ్యాటరీ అన్న చోట 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోవాలి. తర్వాత డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్ళి డిజిటల్ అసిస్టెంట్‌గా సరైన యాప్ ఉందో లేదో చూడాలి. తర్వాత మైకు అనుమతి, తర్వాత భాష, ఆ తర్వాత ఆవిడ గొంతును మళ్ళీ నేర్పడం. గొంతు నేర్పేటప్పుడు ఏ మాట ఎప్పుడు పలకాలో ఫోన్ తెర మీద రాసి చూపిస్తుంది తప్ప తనంతట తానుగా నోటితో చెప్పదు. నేను చదివి వినిపిస్తే ఆవిడ పలికింది. ఫోన్ అమ్మిన దుకాణంలో అంతా ఇంగ్లీషులో పెట్టి ఇచ్చారు కాబట్టి, అక్షరాలు వచ్చి చూపున్న పక్కింటి మనిషికి కూడా అది సాధ్యమయ్యేది కాదు.

అంటే గొంతు మీద ఆధారపడిన మనిషికి గొంతు ఆగిపోతే, దాన్ని మళ్ళీ తెరిపించే దారి చాలావరకు కంటితో చదవగలిగినవారికే అనువుగా పెట్టారు. వాయిస్ అసిస్టెంట్ లేకపోయినా పనులు జరుపుకోగలిగినవాడే దాన్ని బాగుచేసుకోగలడు, అది లేనిదే రోజు గడవని మనిషి మాత్రం ఎవరైనా వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇది ఒక్క మా ఇంటి కథ అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 59 శాతానికి కాస్త తక్కువ, శ్రీకాకుళం జిల్లాది 62 శాతానికి కాస్త తక్కువ. మన ఊళ్ళలో చదవడం రాని పెద్దవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ బిడ్డలు చెన్నైలోనో, హైదరాబాదులోనో, సూరత్‌లోనో ఉన్నారు. చదవడం రాని తల్లికి పరాయి ఊళ్ళో ఉన్న బిడ్డతో మాట్లాడటానికి నోటి మాట కంటే సులువైన దారి ఇంకేముంది? అటువంటి మనిషిని చూసి 'ఇవన్నీ ఎందుకు' అనడానికి ఆ యువకుడికి నోరెలా వచ్చిందో నాకు ఇంకా అర్థం కావడం లేదు. బటన్ ఫోన్ మీద అంకెలు కనిపిస్తేనే కదా ఆవిడ నొక్కగలిగేది!

సర్వీస్ సెంటర్ వాళ్ళు ఆ మాటతో ఆగలేదు. నేను పట్టుబట్టేసరికి లోపల నుంచి మరొకాయన వచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే సరిపోతుందన్నాడు. ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో ఒక్కసారి కూడా తెరిచి చూడకుండా మొత్తం చెరిపేయడమే మందు అని చెప్పడం ఏ రకమైన మరమ్మతు? రీసెట్ చేస్తే ఆవిడ మాత్రల వేళలు పోవచ్చు, దాచుకున్న నంబర్లు పోవచ్చు, మనవల ఫొటోలు పోవచ్చు, నేర్పిన గొంతు పోవచ్చు. అలారం మోగలేదని గోడ గడియారాన్ని ఎవరూ పగలగొట్టరు. రీసెట్ అన్నది అన్నీ చూశాక, ఇంకేమీ మిగలనప్పుడు, ముందుగా బ్యాకప్ తీసుకుని చేయవలసిన పని. మొదటి నిమిషంలోనే ఆ మాట ఎత్తేవాడు ఫోన్‌ను బాగుచేయాలని చూడటం లేదు, ముందున్న మనిషిని త్వరగా పంపించేయాలని చూస్తున్నాడు.

ఆ తర్వాత ఆయన అన్న మాట గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆవిడ వైపు తిరిగి "కొంచెం స్పష్టంగా మాట్లాడితే అదే గుర్తుపడుతుందమ్మా" అన్నాడు. మా పెద్దమ్మ స్పష్టంగానే మాట్లాడుతుంది. ఈ నేల మీద పుట్టిన మనిషి ఎలా మాట్లాడాలో అలాగే మాట్లాడుతుంది. ఈ మాట వినడం మనకు కొత్త కాదు. బడిలో విన్నాం, విశాఖలో కాలేజీకి వెళ్ళినప్పుడు విన్నాం, హైదరాబాదులో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు విన్నాం. సినిమాలలో నవ్వించడానికి మన యాసను పనిమనిషి నోట పెట్టడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు యంత్రం కూడా అదే పని చేస్తోంటే, యంత్రం నేర్చుకోవలసింది ఉందని ఎవరూ అనరు. మనం మారాలని మన ఎదురుగానే చెబుతారు.

ఈ నేల మీదనే, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పుట్టారు. జనం మాట్లాడే భాషకు రాతలో చోటు ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన రోజునే తెలుగు భాషా దినోత్సవం అంటూ దండలు వేస్తున్నాం. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం ఆ భాషలోనే పాఠాలు రాశారు. అంతటి మనిషి పుట్టిన చోట, ఇన్నేళ్ళ తర్వాత, తన ఫోన్‌కు అర్థం కావడం కోసం ఒక పెద్దావిడ గొంతు మార్చుకోవాలా? సీతంపేట కొండల మీద ఉన్న సవర తల్లి మాట నేను ఇక్కడ ఎత్తడం లేదు, ఆవిడ భాషలో పిలిస్తే పలికే ఫోన్ ఆవిడ చేతికి వచ్చిన రోజున దాని గురించి విడిగా రాస్తాను.

మాటను గుర్తించే యంత్రం తనకు వినిపించిన గొంతులనుంచే నేర్చుకుంటుంది. ఏ ప్రాంతం వాళ్ళవి, ఏ వయసు వాళ్ళవి ఎక్కువ వినిపిస్తే వాళ్ళ మాటే దానికి బాగా తెలుస్తుంది. పళ్ళూడిన ముసలి నోటి నుంచి, మన ఊరి సాగదీతతో, పక్కన కోళ్ళు అరుస్తుండగా వచ్చే మాట దానికి ఎంత వినిపించి ఉంటుంది? కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో భారతీయ భాషలను యంత్రాలకు నేర్పే భాషిణి అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, భాషాదానం పేరుతో ప్రజలనే తమ గొంతులు ఇమ్మని అడిగింది. 2024 జూన్‌లో గూగుల్ వారి ఏఐ అసిస్టెంట్ జెమిని యాప్ మన దేశానికి వచ్చినప్పుడు తెలుగుతో కలిపి తొమ్మిది భారతీయ భాషలు ఉన్నాయి. 2011 లెక్కల ప్రకారం ఎనిమిది కోట్లకు పైగా మనుషులు మాట్లాడే భాష కాబట్టి ఆ చోటు మన హక్కే. అయితే తెలుగు వచ్చిందని చెప్పి అక్కడితో ఊరుకుంటే చాలదు. మెంటాడలో, పలాసలో, పాలకొండలో మాట్లాడే తెలుగు కూడా వచ్చిందా అని అడగాలి.

దీన్ని దయగా అడగనక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఉంది. నిత్యం వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడుకోగలిగే రూపకల్పనతో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అది చెబుతోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, చూపు లేనివారూ యాసిడ్ దాడికి గురైనవారూ ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపును నిర్ధారించుకోవడం) విషయంలో వేసిన పిటిషన్లపై తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నాక, కౌంటర్ వెనుక కూర్చున్నవాడు 'ఎందుకు' అని అడగడానికి వీలు లేదు.

నేను కోరేది పెద్ద విషయం కాదు. బ్యాటరీ పొదుపు వల్ల పిలుపు ఆగిపోయేటట్టయితే, ఆపే ముందు ఆ సంగతిని ఫోన్ పెట్టుకున్న భాషలో బయటికి చెప్పి, సరేనని నోటితో అంటేనే ఆపాలి. ఆండ్రాయిడ్ 12తో 2021లో పైనుంచి లాగే పట్టీలో మైకును పూర్తిగా ఆపే మీట ఒకటి ఇచ్చారు. ఎవరూ దొంగచాటుగా వినకుండా ఆపడానికి అది మంచి ఏర్పాటే, కానీ చేయి తగిలి అది ఆగిపోయినప్పుడు మళ్ళీ తెరవమంటారా అన్న ప్రశ్న తెర మీద అక్షరాలలో వస్తుంది. ఆ ప్రశ్న మా పెద్దమ్మకు కనిపించదు. మాట్లాడటం కోసమే చేసిన యంత్రం తాను ఎందుకు మాట్లాడలేకపోతోందో చెప్పలేకపోవడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు.

మీ ఇంట్లో కూడా ఇలా జరిగితే ఎవరి మాటా నమ్మి రీసెట్ చేయించకండి. ముందు పై పట్టీలో మైకు మీట చూడండి, వాయిస్ రికార్డర్‌లో ఒక మాట రికార్డు చేసి వినండి. అక్కడ గొంతు వినిపిస్తే మైకు చాలావరకు బాగున్నట్టే, బోర్డు మార్చాలన్న మాటకు వెంటనే డబ్బు కట్టకండి. ఫోన్ కింది అంచున ఉండే చిన్న రంధ్రానికి దుమ్ము గానీ కవరు గానీ అడ్డం వచ్చిందేమో చూడండి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఎక్కడో పెట్టె అడుగున కలిసే ఉండి మాటను లాక్కుంటోందేమో చూడండి. ఆ తర్వాతే బ్యాటరీ పొదుపు, యాప్ అనుమతులు, డిఫాల్ట్ అసిస్టెంట్, వాయిస్ మ్యాచ్. ఇవన్నీ అయ్యాక కూడా పలకకపోతే యాప్ క్యాష్ (అది తాత్కాలికంగా దాచుకున్న సమాచారం) తుడిచి, అప్‌డేట్ చేసి, ఫోన్‌ను ఒకసారి ఆపి తెరవండి.

ఆ ఫోన్ తయారుచేసిన సంస్థ ఫిర్యాదుల అధికారికి 42వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ ఈ రాత్రికే తెలుగులో ఉత్తరం రాస్తున్నాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు వెళతాను. మీ అమ్మకో, అయ్యకో, మామ్మకో ఇలాంటిది జరిగి ఉంటే ఏ మోడల్ ఫోనో, ఏ అప్‌డేట్ తర్వాత ఆగిందో, సర్వీస్ సెంటర్‌లో ఏమన్నారో నాకు రాసి పంపండి, అవన్నీ ఆ ఉత్తరానికి జత చేస్తాను.