వంటాముదానికి వీసా వచ్చింది

మా మేనకోడలు నిన్న ఓ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. 30 మిల్లీలీటర్లు, 799 రూపాయలు. "ముట్టుకోకు మామయ్యా, చూడు చాలు" అంది. నల్లటి గాజు, మూతకి రబ్బరు బుడ్డి. పేరు జమైకన్ బ్లాక్ కాస్టర్ ఆయిల్. కనుబొమలకట, రాత్రిపూట మూడు చుక్కలు.

భక్తిగా కళ్లద్దాలు పెట్టుకుని తయారీ విధానం చదివాను. గింజలు వేయిస్తారట. దంచుతారట. నీళ్లలో మరిగించి, పైకి తేలిన నూనె తీస్తారట. ఇంతటి శాస్త్రం కరీబియన్ దీవులకే సాధ్యం. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద మా నాయనమ్మ చేసింది మాత్రం ఉత్త వంటాముదం. ఆవిడకి రబ్బరు బుడ్డి ఎక్కడిది? ముక్కు మూసి గ్లాసుతో పోసేది. తాగాక మా మొహాలు ఎలా ఉండేవో తెలుగు భాషకి ఇప్పటికీ గుర్తే.

ఇక అభిషేకం. ఒక చుక్క. రెండు. మూడోది జారి చాప మీద పడింది. ఇల్లంతా నిశ్శబ్దం. మా అక్కయ్య దాన్ని వేలితో అద్ది తన కనుబొమకి రాసుకుంది. ఇదే నూనె చెంపల మీదికి కారుతోందని బడికి పోనంటూ ఏడ్చిన మనిషే!

ఆముదానికి పనుల్లేక కాదు. లిప్‌స్టిక్‌లో అదే, బండి గ్రీజులో అదే. అందులోని రిసినోలెయిక్ ఆమ్లం నుంచి నైలాన్ 11 అనే ప్లాస్టిక్ తీసి లారీల బ్రేకు గొట్టాలు చేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు కందెనగా తాగింది కూడా ఇదే. ఆ పొగ పీల్చిన పైలట్లకి నాయనమ్మ లేకుండానే కడుపు ఖాళీ అయిపోయేదంటారు.

ప్రపంచపు ఆముదాల్లో సింహభాగం మన దేశానిదే. ఎక్కువ గుజరాత్‌ది, సరే. మరి పాలమూరు, నల్గొండ చెలకల్లో వానని నమ్ముకుని వేసేవాడి సంగతి? నాలుగు రోజులు ముసురు పడితే గెలలకి బూజు తెగులు. చేతికొచ్చిన గెల బూడిదరంగు ఉన్నిముద్ద. అది తప్పించుకున్నా ధర వ్యాపారి నోట్లోంచి రాలిందే! కేంద్రం మద్దతు ధర ఇచ్చే పంటల్లో వేరుశనగ ఉంది, నువ్వులున్నాయి, అరకు వలిసెలు కూడా ఉన్నాయి. ఆముదం లేదు. విమానమెక్కింది, పెదవులెక్కింది, ఆ ఒక్క కాగితం ఎక్కడానికి ఏం రోగం? సీసా మీద జమైకా పేరు అచ్చేయడానికి సిరా దొరుకుతుంది గానీ, ఆ జాబితాలో మూడక్షరాలు రాయడానికి దొరకదా?

అక్కయ్య వేలు ముక్కు దగ్గర పెట్టుకుని "ఒరేయ్, ఇది మన..." అంది. ఊరుకోమని సైగ చేశాను. మూత తీసిన సీసా వెనక్కి తీసుకోరట.