హైబ్రిడ్ కారు టైర్లు: ఆ సందేశంలో నిలిచే మాట ఎంత?

పెట్రోలు ఇంజినుతో పాటు విద్యుత్ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్లున్నవారి మధ్య వాట్సాప్‌లో ఒక సందేశం చేతులు మారుతోంది. రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరులో ఎదురయ్యే నిరోధం) తక్కువగా ఉండే టైర్లు వేయిస్తే మైలేజీ 20 శాతం పెరుగుతుందని, కాబట్టి ఉన్న టైర్లు బాగున్నా వెంటనే మార్చాలని, మోటారే వేగం తగ్గిస్తుంది కనుక హైబ్రిడ్‌కు రోడ్డు మీద టైరు పట్టు అంతగా అక్కర్లేదని, గాలి 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) కొట్టించాలని దాని సారాంశం. ఇందులో ఒక్క మాట కూడా నిలవదు. మూడోది ప్రాణాల మీదికి తెచ్చే మాట.

టైరు దొర్లేటప్పుడు రబ్బరు నొక్కుకుపోయి తిరిగి లేస్తూ కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. ఈ నష్టం 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం మిగులుతుందని అమెరికా జాతీయ అకాడమీల నివేదిక 2006లోనే చెప్పింది. కొత్త టైరు ఆ నష్టాన్ని 20 శాతం తగ్గించినా మిగిలేది 4 శాతం లోపే. లీటరుకు 20 కిలోమీటర్లిస్తూ ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు 600 లీటర్లు తాగుతుంది. అందులో 3 శాతం 18 లీటర్లు, లీటరు 107 రూపాయలనుకుంటే రెండు వేలకు కాస్త తక్కువ. మంచి పొదుపే, కానీ సగం కూడా అరగని నాలుగు టైర్లను పక్కన పడేయడానికి అది చాలదు.

పైగా మార్చినవారికి మొదట నిరాశే ఎదురవుతుంది. మా బావగారు అరిగిన టైర్లు తీయించి కొత్తవి వేయించిన వారానికే మైలేజీ పడిపోయిందని కంగారుపడ్డారు. ఆయన కారు టైరు కొలత 215/60 ఆర్17. చక్రం వ్యాసార్ధం సుమారు 345 మిల్లీమీటర్లు. ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాళ్ల రబ్బరు పొర) 8 మిల్లీమీటర్ల నుంచి 2కు అరిగితే చక్రం చిన్నదై, మీటరు అసలు దూరం కంటే దాదాపు 1.7 శాతం ఎక్కువ చూపిస్తుంది. కొత్త టైరుతో ఆ అదనం పోతుంది. అరిగిన టైరు తేలిగ్గా దొర్లుతుందన్నదీ నిజమే. అందుకే పోల్చవలసింది కొత్త టైరును కొత్త టైరుతోనే.

ఇక పట్టు సంగతి. మోటారు వేగం తగ్గించినా, బ్రేకు ప్యాడ్లు తగ్గించినా, ఆ బలం రోడ్డుకు చేరేది అరచేయంత రబ్బరు ముక్క గుండానే. చక్రం జారినట్టు తెలియగానే కారు మోటారు బ్రేకింగ్‌ను తగ్గించి మామూలు బ్రేకులకు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు పని అప్పగిస్తుంది. జూలై జల్లులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు కారు ఎర్ర లైట్లు ఒక్కసారిగా వెలిగినప్పుడు ఆదుకునేది ఆ పట్టే. ఇంధన ఆదా టైర్లన్నీ వానలో జారతాయన్న ఎదుటి వాదన కూడా తప్పే. కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసిపొడి బదులు సిలికా ఎక్కువగా కలిపిన రబ్బరులో ఈ రెండు గుణాలూ ఇముడుతున్నాయి. యూరప్ లేబుల్ మీద ఇంధనానికి, తడి పట్టుకు వేర్వేరు గ్రేడ్లుంటాయి. రెండూ చూడాలి. ఒకటే చూడవలసి వస్తే నేను తడి పట్టే చూస్తాను.

గాలి విషయంలో డ్రైవరు డోరు పక్కన స్తంభం మీది స్టిక్కరే ప్రమాణం. అంతకు మించి కొట్టిస్తే టైరు నడుమ అరుగుతుంది, పట్టు తగ్గుతుంది. తగ్గితే నష్టమే: నాలుగు టైర్ల సగటులో తగ్గే ఒక్కో పీఎస్‌ఐకి దాదాపు 0.2 శాతం ఇంధనం. బావగారి కారుకు పొద్దున్నే గేజ్ పెట్టి చూస్తే, 33 ఉండవలసిన చోట ఒక చక్రంలో 27 ఉంది. కొత్త టైర్ల లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే అంకె) పాతవాటికంటే తగ్గకుండా చూసుకున్న మనిషే గాలి మాత్రం నెలన్నరగా చూడలేదు.