షార్ట్ లెగ్ గారికి విన్నపం

క్రికెట్‌లో బ్యాటర్ కాళ్ళ ముందే ఫీల్డర్‌ని కూర్చోబెట్టే స్థానమైన మహారాజశ్రీ ఫార్వర్డ్ షార్ట్ లెగ్ గారికి,

చెపాక్ మైదానం స్టాండుల్లో ఎండకు మాడుతూ మిమ్మల్ని గమనించే చెన్నై తెలుగువాళ్ళం వ్రాయునది ఏమనగా, మీ కొలువులో నియామకాల పద్ధతి మాకు బొత్తిగా అంతుపట్టడం లేదు.

టెస్టు మ్యాచ్ మూడో రోజుకి పిచ్ ఎండి పొడి లేస్తుంది. ఆఫ్ స్పిన్నర్ బంతి లోపలికి తిరిగి, బ్యాటు లోపలి అంచుకి తగిలి, ప్యాడ్ మీంచి ఎగిరి మీ ముందే పడుతుంది. అంత గిరాకీ ఉన్న చోటికి, కొత్త కోడలికి పొయ్యి దగ్గర పీట వేసినట్టు, నిన్నగాక మొన్న జట్టులో చేరిన కుర్రాణ్ణి పంపుతారు. అతని అర్హత కాదనలేకపోవడమే. పొట్టివాడైతే మరీ సంతోషం.

పనేమో ఇదీ. బ్యాటుకి సుమారు రెండు మీటర్ల దూరంలో గొంతుక్కూర్చోవాలి. బరువు మునివేళ్ళ మీద, మడమలు కాస్త పైకి, అరచేతులు తెరిచి కిందికి. చూపు బౌలర్ చేతిని వదిలేసి బ్యాటూ ప్యాడూ కలిసే చోట నిలవాలి. తొందరపడి ముందే లేచాడా, క్యాచ్ కాళ్ళ దగ్గరే రాలిపోతుంది. కూర్చున్నవాడు పైకి లేచి అందుకోగలడు గానీ, లేచినవాడు అంత త్వరగా కిందికి వంగలేడు. బ్యాటర్ స్వీప్‌కి, అంటే వంగి బంతిని లెగ్ వైపు ఊడ్చి కొట్టడానికి దిగితే గెంతకూడదు, గడ్డం ఛాతీకి ఆనించి వీపు తిప్పి ముడుచుకోవాలి. గ్లవ్స్ భాగ్యం కీపర్‌దే. మోకాలి కింద కట్టుకునే షిన్ గార్డులు ప్యాంటు లోపల దాచుకోవాలి. సముద్రపు ఉక్కకి హెల్మెట్ లోపల చెమట కళ్ళల్లోకి కారుతుంది. పోనీ అని తీసి కీపర్ వెనక పెడితే, బంతి దానికి తగిలితే అవతలివాళ్ళకి 5 పరుగుల దక్షిణ. 2017 దాకా అయితే తల మీది హెల్మెట్‌కి తగిలి లేచిన బంతిని పట్టినా అవుట్ ఇచ్చేవారు కాదు. దెబ్బ కుర్రాడికి, బతుకు బ్యాటర్‌కి!

హెల్మెట్లు లేని కాలంలోనే భారత ఫీల్డర్ ఏక్‌నాథ్ సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టాడు, చాలావరకు మీ సన్నిధిలోనే. 1971 ఓవల్ టెస్టులో మన మద్రాసు వెంకటరాఘవన్ బౌలింగ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ అలన్ నాట్ క్యాచ్ పట్టింది ఆ సోల్కరే. అలాంటి చేతులు కావలసిన చోటది. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా మీ స్థానంలో నిలబడిన భారత ఆటగాడు రమణ్ లాంబా తలకి బంతి తగిలి ప్రాణం పోయింది. ఈ మాట వెటకారంగా అనడం మాకు చేతకాదు.

కోరేది ఒకటే. కీపర్ పక్కన స్లిప్‌లో నడుం మీద చేతులు పెట్టుకుని, కుర్రాడు వదిలేసినప్పుడల్లా "అది పట్టాల్సిందే" అని తల ఊపే పెద్దమనిషిని ఒక్క సెషన్ మీ సేవకి పిలిపించుకోండి. ఆ పూట బౌలింగ్ మాత్రం పార్ట్‌టైమ్ స్పిన్నర్‌కి ఇప్పించండి. ఓవర్‌కి రెండు బంతులైనా, బ్యాటర్ లాగి కొట్టేలా, షార్ట్‌గా వేసేవాడైతే మరీ మంచిది.

ఇట్లు,
చెపాక్ తెలుగువాళ్ళు