సవరణ: సాలగ్రామంలో ఉన్నది నత్త కాదు

గండకీ నది సాలగ్రామాల గురించి రాసిన గత టపాలో వాటిని ‘నదిలో బతికిన నత్తల శిలాజాలు’ అన్నాను. అందులో రెండు విషయాలు సవరించాలి.

అవి అమ్మొనైట్లు. ఆక్టోపస్, స్క్విడ్‌లకు చుట్టాలైన సముద్ర జీవులు. 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లతో పాటే అంతరించాయి. నేపాల్‌లోని ముస్తాంగ్ ప్రాంతపు నల్లని షేల్ రాళ్లలో (బురద గట్టిపడి పొరలుగా ఏర్పడిన రాయి) ఉన్నవి జురాసిక్ కాలం నాటివి. అప్పుడు అక్కడ నది లేదు, హిమాలయాలూ లేవు. టెథిస్ సముద్రం ఉండేది. కాళీ గండకి ఆ పొరలను కోసి, రాళ్లను దొర్లించి నునుపు చేస్తుంది, అంతే.

గుర్తుపట్టడానికి చుట్లు మాత్రమే చూస్తే చాలదు, చుట్లు నత్తకూ ఉంటాయి. పగిలిన ముక్క దొరికితే లోపలికి చూడండి. నత్త గుల్ల మొదటి నుంచి చివరి దాకా ఒకే గొట్టం. అమ్మొనైట్‌లో అడ్డుగోడలు, వాటి మధ్య గదులు కనిపిస్తాయి. ఆ గోడలు గుల్లను తాకే చోట వంకరటింకర గీతలు ఏర్పడతాయి. గుల్ల పైపొర అరిగిన రాతి మీద అవి ఆకు అంచుల్లా కనిపిస్తాయి. నాటిలస్ అనే చుట్టల గుల్ల సముద్ర జీవికీ గదులు ఉంటాయి గానీ ఈ గీతలు అంత మెలికలు తిరగవు. పైగా గదులను కలిపే సన్నని నాళం నాటిలస్‌లో గోడల నడుమ నుంచి వెళ్తుంది, అమ్మొనైట్లలో సాధారణంగా బయటి అంచు వెంట సాగుతుంది.

కొన్నిటిలో మెరిసే పసుపు బంగారం కాదు, పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. దీని గురించి అడిగినవారు చాలామందే ఉన్నారు!